తీసుకుంటారేమో!

పిల్లలూ, మీ ఇంట్లో ఫుట్‌బాల్ చూస్తారా? కాలితో తన్నే ఫుట్‌బాల్ సంగతి ఇంకో రోజు చెప్పుకుందాం. ఇవాళ నేను చెప్పేది అమెరికా ఫుట్‌బాల్ గురించి. బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది, దాన్ని చంకలో ఇరికించుకుని పరిగెత్తుతారు. ఆ ఆట నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. కానీ దానివల్ల నేనొక తెలుగు మాట విలువ తెలుసుకున్నాను. మీక్కూడా చెప్పాలనిపించింది.

నేను 2023 వేసవిలో అమెరికా వచ్చాను. మేముండేది మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర నోవై అనే ఊళ్ళో. ఇండియాలో బీఈడీ చదివి బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఇక్కడ ఇంట్లోనే ఉంటున్నాను కదా అని, ఆదివారం పొద్దున పూట తెలిసినవాళ్ళ బేస్‌మెంట్‌లో పిల్లలకు తెలుగు చెప్పడం మొదలుపెట్టాను.

2024 ఏప్రిల్ 14, ఆదివారం. ఉగాది వెళ్ళి ఐదు రోజులైంది. బోర్డు మీద గుణింతం రాసి వెనక్కి తిరిగి చూస్తే ఒక్కళ్ళ చేతిలోనూ పుస్తకం లేదు. ఒకటే గోల.

"మనకి కార్నర్ కావాలి!" అంటున్నాడు ఒకడు.

కూర్చోడానికి మూల కావాలేమో అనుకుని, "ఆ మూల ఖాళీగానే ఉంది కదా నాన్నా, వెళ్ళి కూర్చో" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. కార్నర్ అంటే కార్నర్‌బ్యాక్ అట. అవతలి జట్టు విసిరిన బంతి వాళ్ళ మనిషి చేతిలో పడకుండా అడ్డుకునే ఆటగాడు. వీళ్ళంతా మా ఊరి జట్టు డెట్రాయిట్ లయన్స్ అభిమానులు. ఇంకో పదకొండు రోజుల్లో డ్రాఫ్ట్ ఉంది. లయన్స్ ఎవర్ని తీసుకుంటారా అని కొట్టుకుంటున్నారు.

"డ్రాఫ్ట్ అంటే ఏమిటర్రా?" అన్నాను.

వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "టీచర్, నేను చెప్తా. కాలేజీలో ఆడేవాళ్ళని టీములు ఏరుకుంటాయి. లాస్ట్ వచ్చినవాళ్ళకి ఫస్ట్ చాన్స్. మనవాళ్ళు బాగా ఆడారు కదా, అందుకని మనం వెనక్కి వెళ్ళాం. 29."

మార్కర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎందుకంటే ఆ అబ్బాయికి తెలుగు రాదని నా రిజిస్టర్‌లో రాసి ఉంది. రాసింది నేనే.

సెప్టెంబరులో క్లాసు మొదలైన రోజు ఒక్కొక్కళ్ళనీ పిలిచి మాట్లాడించాను. "నీ పేరేంటి? ఏం తిన్నావు?" అని అడిగితే ఆ అబ్బాయి తల దించుకున్నాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. అతని పేరు పక్కన "మాటలు రావు, మొదటి స్థాయి" అని రాశాను. అప్పటినుంచి తనకంటే మూడేళ్ళు చిన్నపిల్లల పక్కన కూర్చుంటున్నాడు.

ఆ సంగతి మళ్ళీ చెప్తాను. ముందు డ్రాఫ్ట్ గురించి చెప్పనివ్వండి.

మా ఊళ్ళో ఖోఖో ఆడేటప్పుడు ఇద్దరు నాయకులు నిలబడి ఒక్కొక్కళ్ళనీ ఏరుకునేవాళ్ళు. బాగా పరిగెత్తేవాళ్ళని ముందు పిలిచేవాళ్ళు. నన్నెప్పుడూ ఆఖరికే పిలిచేవాళ్ళు. డ్రాఫ్ట్ కూడా ఏరుకోవడమే, కానీ అందులో ఒక న్యాయం ఉంది. ఎన్.ఎఫ్.ఎల్. లో 32 జట్లున్నాయి. కిందటి ఏడు అందరికంటే ఎక్కువ ఓడినవాళ్ళు ముందు ఏరుకుంటారు. గెలిచినవాళ్ళ వంతు చివర్లో వస్తుంది. ఇలా 7 రౌండ్లు జరుగుతాయి. బలమైన జట్లే ఎప్పుడూ బలంగా ఉండిపోతే ఆటలో మజా ఏముంటుంది? అందుకే ఫిలడెల్ఫియా జట్టు యజమాని బర్ట్ బెల్ ఈ పద్ధతి పెడదామన్నాడు. మొదటి డ్రాఫ్ట్ 1936లో జరిగింది. అందులో అందరికంటే ముందు ఎంపికైన జే బర్వాంగర్ ఆ తర్వాత ఎన్.ఎఫ్.ఎల్. లో ఒక్క ఆట కూడా ఆడలేదు. అంచనాలు తప్పడం మొదటి పేరుతోనే మొదలైంది చూశారా!

అయినా అభిమానులు అంచనాలు వెయ్యడం మానరు. తమ జట్టులో ఏం తక్కువో చూస్తారు. కొత్త కుర్రాళ్ళు 40 గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తారో బట్టీ పడతారు. బంతి విసిరేవాళ్ళకైతే చెయ్యి కూడా కొలుస్తారు. వేళ్ళు చాపి, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా. దాన్ని మనం జాన అంటాం. మా క్లాసులో ఆ పూట అందరూ స్కేళ్ళు తీసి తమ జానలు కొలుచుకున్నారు. ఆ తర్వాత "మాక్ డ్రాఫ్ట్" రాస్తారు. అంటే ఉత్తుత్తి డ్రాఫ్ట్. ఏ జట్టు ఎవర్ని తీసుకుంటుందో ముందే ఊహించి రాసుకునే పట్టిక.

ఇంత తాపత్రయం ఎందుకని అడిగాను. ఒక అమ్మాయి చెప్పింది: "మా డాడీ వచ్చిన కొత్తలో లయన్స్ 16 గేములూ ఓడిపోయారంట టీచర్." నిజమే, అది 2008లో. ఓడిపోయే జట్టు అభిమానికి ఏప్రిల్ మంచి నెల. కొత్త ఏడాది ఆటలు ఇంకా మొదలు కాలేదు, ఎవరూ ఇంకా ఓడిపోలేదు. ఆశపడటానికి అందరికీ సమానంగా చోటుంది.

వింటుంటే నాకు పంచాంగ శ్రవణం గుర్తొచ్చింది. ఉగాది నాడు గుళ్ళో పంతులుగారు కొత్త ఏడాది ఎలా ఉంటుందో చదువుతారు కదా. ఏ రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని. మా నాన్న ఏటా శ్రద్ధగా వినేవాడు. కిందటేడు చెప్పింది జరగలేదని గొణుక్కుంటూనే వినేవాడు. ఈ మాట చెప్పగానే పిల్లలు బోర్డు మీద లయన్స్‌కి కూడా లెక్క రాశారు. ఆదాయం 14, వ్యయం 2, అవమానం సున్నా!

సరే, వాదించుకోండి కానీ తెలుగులోనే అన్నాను. అప్పుడు చూడాలి తమాషా. మనసులో ఉన్నదాన్ని బట్టి మాట చివర మార్చుకోవాల్సి వచ్చింది.

గట్టి నమ్మకం ఉన్నవాడు "కార్నర్‌ని తీసుకుంటారు" అన్నాడు. "తీసుకోవచ్చు" అన్నది ఇంకో అమ్మాయి. అంటే అలా జరిగే వీలుందని. "తీసుకోరులే" అని ఒకడు పెదవి విరిచాడు. "తీసుకుంటే బాగుండు" అన్నప్పుడు అది అంచనా కాదు, కోరిక. "కిందటేడే తీసుకునుంటే బాగుండేది" అంటే అది అయిపోయినదాని గురించి బాధ. క్రియ ఒక్కటే, దాని తోకలో ఇంత మనసుంది.

వెనక కూర్చున్న అబ్బాయి మాత్రం ప్రతిసారీ ఒకటే తోక తగిలించాడు. "కార్నర్‌ని తీసుకుంటారేమో. టెరియన్ ఆర్నాల్డ్ అయితే మనదాకా రాడేమో. ముందే ఎవరో పట్టుకుపోతారేమో."

"నీకు తెలుగు ఎవరు నేర్పారు నాన్నా?" అని అడిగాను.

"తాతయ్య."

గుంటూరు నుంచి వాళ్ళ తాతయ్య అక్టోబరులో వచ్చి మార్చి దాకా ఉన్నారట. ఆయనకి ఇంగ్లీషు రాదు, తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. బయట మంచు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మనవడి పక్కన సోఫాలో కూర్చునేవారు. "ఇప్పుడు వాడెందుకు ఆగాడ్రా? వీళ్ళెందుకు మీద పడ్డార్రా?" అని అడుగుతుంటే వీడు జవాబు చెప్పాల్సి వచ్చేది. వచ్చిన మాటలతోనే మొదలుపెట్టాడు. ఆరు నెలల్లో ఆట మొత్తం చెప్పేశాడు. ఆయన రైతు. "వాన పడుద్దేమో, మిర్చి రేటు పెరుగుద్దేమో" అని మాట్లాడే మనిషి. ఆ "ఏమో" వీడికి అలా అంటుకుంది.

సెప్టెంబరులో నేను రాసింది ఆ రోజుకి నిజమేనేమో. తర్వాత ఏడు నెలల పాటు మళ్ళీ చూడకపోవడం నా తప్పు. ప్రతి ఆదివారం ఆ పేరు పక్కన హాజరు వేస్తూనే ఉన్నాను, ఆ అబ్బాయిని మాట్లాడించడం మానేశాను.

ఆ రోజు పిల్లలు నాకు ఇంకొన్ని పేర్లు చెప్పారు. టామ్ బ్రేడీని 2000లో 199వ పేరుగా తీసుకున్నారు. తర్వాత అతను 7 సూపర్ బౌల్స్ గెలిచాడు. మా లయన్స్ ఆటగాడు అమోన్-రా సెయింట్ బ్రౌన్ 2021లో 112వ వాడు. తన స్థానంలో ఆడేవాళ్ళే 16 మంది తనకంటే ముందు ఎంపికయ్యారు. ఆ 16 పేర్లూ అతను ఇప్పటికీ వరుసగా అప్పజెప్తాడు. ఇంక బ్రాక్ పర్డీ. 2022 డ్రాఫ్ట్‌లో 262వ పేరు. అదే ఆఖరి పేరు. 2024 జనవరిలో సూపర్ బౌల్ వాకిట్లో లయన్స్ సగం ఆట అయ్యేసరికి 24-7తో ముందున్నారు. చివరికి 34-31తో ఓడిపోయారు. అవతలి జట్టుని నడిపించి గెలిపించింది ఆ ఆఖరివాడే. ఈ సంగతి చెప్తున్నప్పుడు పిల్లల మొహాలు చిన్నబోయాయి.

ఏప్రిల్ 25, గురువారం రాత్రి. ఆ ఏడాది డ్రాఫ్ట్ డెట్రాయిట్‌లోనే జరిగింది. మూడు రోజుల్లో 7,75,000 మందికి పైగా వచ్చారు. మా వారు, మా బాబు, నేను కూడా వెళ్ళాం. ఎక్కడ చూసినా నీలం చొక్కాలే. వేదిక మాకు కనిపించనే లేదు, దూరంగా తెర చూస్తూ నిలబడ్డాం. అక్కడ ఎవరూ ఆట ఆడడం లేదు. ఒక పేరు పిలవడం కోసం అంతమంది ఎదురుచూస్తున్నారు. మా వంతు 29. కానీ 24 దగ్గరే పెద్ద కేక లేచింది. లయన్స్ తమ 29వ వంతు, 73వ వంతు డాలస్‌కి ఇచ్చి ముందుకు జరిగారు. పేరు చదివారు. టెరియన్ ఆర్నాల్డ్! పక్కనున్న ముక్కూ మొహం తెలియని పెద్దాయన మా బాబుని ఎత్తి గిరగిరా తిప్పాడు.

మనదాకా రాడేమో అన్నవాడు వచ్చాడు. తర్వాతి క్లాసుకి మా అబ్బాయి నవ్వుతూనే వచ్చాడు. "నేను తప్పు చెప్పా టీచర్! తాతయ్యకి వెంటనే ఫోన్ చేశా. అక్కడ అప్పుడే తెల్లారింది" అన్నాడు. అంచనా తప్పినందుకు అంత సంతోషపడ్డవాళ్ళని నేను చూడలేదు.

నేను రిజిస్టర్ తీసి, "నీ గురించి నేను కూడా తప్పు రాశాను నాన్నా. ఇకనుంచి పెద్దవాళ్ళ గుంపులో మాట్లాడు" అన్నాను.

అతను ఆ గీతల వంక చూసి అడిగాడు. "నన్ను ఎన్నో రౌండ్‌లో తీసుకున్నారు టీచర్?"

చిన్నపిల్లల పక్కన ఎందుకు కూర్చోబెట్టానో ఇన్నాళ్ళూ అతనికి తెలుసన్నమాట. ఏం చెప్పాలో తోచలేదు. నిజమే చెప్పాను. "ఆఖరి రౌండ్‌లో."

కాసేపు ఆలోచించి, "అయితే నేను 262" అని వెళ్ళి కొత్త కుర్చీలో కూర్చున్నాడు.

ఇది ఇక్కడితో అంతా బాగైపోయిన కథ కాదు. మాట్లాడటం వచ్చినా అతనికి చదవడం ఇంకా రాలేదు. ఒత్తులు చూస్తే ఇప్పటికీ తడబడతాడు. అందుకని మాటలకి పెద్దవాళ్ళతో, రాతకి చిన్నవాళ్ళతో కూర్చుంటున్నాడు. ఇప్పుడు నేను నెలకోసారి అందరి పేర్లూ మళ్ళీ తీసి చూస్తున్నాను. అక్షరాలు పెన్నుతో రాయడం మానేసి, పెన్సిల్‌తో రాస్తున్నాను. ప్రతి పేరు పక్కనా "ఏమో" అని పెడుతున్నాను.

మీ గురించి కూడా ఎవరో ఎప్పుడో ఇలాంటి మాట అనే ఉంటారు. "వీడికి తెలుగు రాదు" అని చుట్టాలు నవ్వి ఉంటారు. ఆ మాట చివర మీరే "ఏమో" చేర్చండి. మీరు కూడా పక్కవాళ్ళ గురించి చెప్పేటప్పుడు దాన్ని మర్చిపోకండి.

ఇప్పుడు మీ వంతు. మీకిష్టమైన జట్టు ఏదైనా సరే, క్రికెట్ అయినా ఫుట్‌బాల్ అయినా, దానికి ఇప్పుడు ఎవరు కావాలో ఐదు వాక్యాల్లో రాయండి. ఒక వాక్యంలో "తీసుకుంటారేమో", ఇంకో వాక్యంలో "తీసుకుంటే బాగుండు" రావాలి. తర్వాత ఆ ఆట తెలియని మీ అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి చదివి వినిపించండి. వాళ్ళు "ఎందుకురా?" అని అడుగుతారు. అక్కడినుంచి అసలు పాఠం మొదలవుతుంది.