వేషాల సంత

నా చిన్నతనంలో మా సూర్యాపేట వీధుల్లోకి పగటివేషాలవాళ్ళు వచ్చేవారు. ఇవాళ అర్ధనారీశ్వరుడైతే రేపు శక్తి వేషం. చివరి రోజున రంగులన్నీ కడుక్కుని, మామూలు మనుషులుగా ఇంటింటికీ వచ్చి బియ్యమో డబ్బో పట్టుకుపోయేవారు. అది వాళ్ళకు కడుపుకూడు. తమ డబ్బు పెట్టి, టిక్కెట్టు కొనుక్కుని మరీ వేషం కట్టేవాళ్ళుంటారని అప్పుడెవరైనా చెబితే నవ్వేవాళ్ళం.

ఉన్నారండీ. దీన్ని కాస్‌ప్లే అంటున్నారు. ఈ మాటను నొబుయుకి తకహాషి అనే జపానాయన కూర్చాడు. అలవాటు అంతకంటే పాతది. 1939లో న్యూయార్కులో జరిగిన తొలి ప్రపంచ సైన్సు కథాభిమానుల సభకు ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు రాబోయే కాలపు మనుషుల్లా దుస్తులు వేసుకొచ్చారు. కుట్టింది డగ్లసమ్మే. హైదరాబాదులో కామిక్ కాన్ 2013లో మొదలైంది.

కోదాడలో మా మేనల్లుడికి ఈ పిచ్చి పట్టింది. కాలేజీలో చదువుతున్నాడు. ఇంట్లో ముక్తసరిగా మాట్లాడతాడు, చుట్టాలొస్తే గది తలుపు వేసుకుంటాడు. "నలుగుర్ల కలవనోడు రేపెట్ల బతుకుతడన్నా?" అని మా చెల్లెలు నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాడు హైదరాబాదు పోతానంటే నన్ను తోడు పంపింది.

వాడి వేషం తంజిరో. జపాను బొమ్మల కథలో, రాక్షసిగా మారిన చెల్లెల్ని మళ్ళీ మనిషిని చేయాలని తిరిగే కుర్రవాడు. పైన ఆకుపచ్చ, నలుపు గళ్ళ అంగీ. గళ్ళన్నీ సమానంగా రావాలని దర్జీ ప్రాణాలు తోడేశాడు. "లుంగీ గుడ్డ కోసి కుడితే కాదా?" అన్నాడాయన. కత్తి మాత్రం అట్టపెట్టె, ఫోము షీటు, జిగురు పెట్టి వీడే చేసుకున్నాడు.

పగటివేషంలో వేషగాడొకవైపు, చూసేవాళ్ళొకవైపు. ఇక్కడ ఆ గీత లేదు. చూడవచ్చినవాడూ వేషగాడే. "ఎందుకీ వేషం?" అని ఒక్కరూ అడగరు. "ఈ కత్తి ఎట్ల చేసినవ్? ఏం జిగురు?" అంటారు. ఫొటో తీయాలంటే ముందు అడగాలి, అది అక్కడి మర్యాద. మొహమాటస్తుడికి ఇంకేం కావాలి? మాట కలపడానికి సాకు ఒంటిమీదే ఉందాయె!

నారింజ రంగు చొక్కా, నుదుట రేకు పట్టీతో నరుటో వేషంలో ఒక కుర్రాడు వచ్చి మావాణ్ణి ఏ ఊరని అడిగాడు. తనది మిర్యాలగూడట! హుజూర్‌నగర్ మీదుగా బస్సెక్కితే దగ్గరే. కలుసుకోవడానికి మాత్రం హైదరాబాదు దాకా రావలసి వచ్చింది. ఇద్దరూ గోడవారన చతికిలబడి రెండు గంటలు మాట్లాడుకున్నారు. మావాడు అన్ని మాటలాడగా వినడం నాకదే మొదలు. అర్థమైంది తక్కువే అనుకోండి. అక్కడి సమోసాల ధర మాత్రం బాగా అర్థమైంది.

ఒక్కరోజు సంబరంతో మనిషి మారిపోతాడా? చుట్టాలొస్తే వాడిప్పటికీ తలుపేసుకుంటాడు. కాని కొన్ని ఆదివారాలు ఆ మిర్యాలగూడ కుర్రాడు కోదాడ వస్తున్నాడు. ఇద్దరూ కూర్చుని అట్టముక్కలు కోస్తుంటే మా చెల్లెలు అన్నం వడ్డిస్తోంది. మొన్న "వాళ్ళ ఇంటిపేరేందిరా?" అని అడిగిందట. మావాడికి తెలియదట. అసలు పేరే రెండో ఆదివారం తెలిసిందట.