అశోక్‌నగర్ టు విశాఖ... వయా పాపికొండలు!

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ గాలి పీల్చి పెరిగినవాడికి ప్లానింగ్ ఒకరు నేర్పాలా? మార్నింగ్ షో దేవిలో, మ్యాట్నీ సంధ్యలో, ఫస్ట్ షో సుదర్శన్‌లో. నడుమ ఇరానీ హోటల్లో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఏ హాల్లో ఇంటర్వెల్ ఎప్పుడో, ఏ గేటు ముందు తెరుస్తారో, ఏ మలుపు దగ్గర బ్లాకు టికెట్ దొరుకుతుందో మాకు కంఠతా వచ్చేది. ఇంతటి ఘనులం, ఇంటిల్లిపాదినీ కారెక్కించి ఆరు రోజులు ఊళ్ళు తిప్పాలనేసరికి బిక్కమొహాలు వేశాం!

ఇది 2019 డిసెంబర్ నాటి మాట. ఆ ఏడు వెస్టిండీస్ జట్టు మన దేశానికి వచ్చింది. ఒకే సిరీస్‌లో ఉప్పల్‌లో ఒక ట్వంటీ-ట్వంటీ, విశాఖలో ఒక వన్డే. రెండు తెలుగు ఊళ్ళలోనూ మ్యాచ్‌లే! పేపర్లో ఆ జాబితా చూసిన నిమిషాన మా నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "రెండూ చూడాలిరా" అన్నారు.

నాన్న మాటకు వెనక కథ ఉంది. 1999 నవంబర్ 8న లాల్‌బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్ మీద సచిన్ 186 నాటౌట్ కొట్టాడు. ద్రావిడ్ 153. ఇద్దరూ కలిసి 331 పరుగుల భాగస్వామ్యం, అప్పటికి అది ప్రపంచ రికార్డు. మా ఇంటికీ ఆ స్టేడియానికీ మధ్య ఉన్నది నారాయణగూడ, హిమాయత్‌నగర్, అంతే! కానీ ఆ రోజు సోమవారం. నాన్నకు సెలవు దొరకలేదు. నన్ను తీసుకెళ్తానన్న మాట అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళయినా ఆ ముచ్చట ఎత్తితే టాపిక్ మార్చేస్తారాయన.

సరే, నాన్నది క్రికెట్ కోరిక. అమ్మ సంగతి? "మీ బంతులాట నాకెందుకు? నాకు గోదావరి చూపించండి, పాపికొండలు చూపించండి" అంది. 1973లో బాపు తీసిన 'అందాల రాముడు' చూసిననాటి నుంచీ ఆమెకు ఆ లాంచీ మీద మోజు. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' వచ్చి ఆ మోజును రెట్టింపు చేసింది. అక్క కూతురికి ఎనిమిదేళ్ళు. దానికి పులి కావాలి, అంతకన్నా తక్కువకు బేరం లేదు!

అలా ప్లాను పుట్టింది. మ్యాచ్‌లు రెండు చివర్లు, మధ్యలో అడవులు. మా సూత్రం ఒకటే: కదలనిదాన్ని ముందు మేకు కొట్టి బిగించాలి, తక్కినవి దానిచుట్టూ అల్లుకోవాలి. మ్యాచ్ తేదీ కదలదు కదా!

కదిలింది! ఉప్పల్ మ్యాచ్ మొదట డిసెంబర్ 11న. ముంబైది 6న. తర్వాత రెండు ఊళ్ళకూ తేదీలు తారుమారు చేశారు. బావ 11 నుంచి వరసగా సెలవు పెట్టుకున్నాడు పాపం. ఆఫీసువాళ్ళు "6న కావాలా, తర్వాత కావాలా? రెండూ కుదరవు" అన్నారు. ఆయన 6 తీసుకున్నాడు. దాంతో విశాఖ ప్రయాణంలో బావ సీటూ, టికెట్టూ ఖాళీ.

6న ఉప్పల్ వెళ్ళాం. వెస్టిండీస్ 207 కొట్టింది. కోహ్లీ మొదట తడబడ్డాడు, ఆనక విజృంభించాడు. 50 బంతుల్లో 94 నాటౌట్! కెస్రిక్ విలియమ్స్ బౌలింగ్‌లో కొట్టి, జేబులోంచి నోటుబుక్కు తీసి టిక్కు పెట్టినట్టు అభినయించాడే, హాలంతా... కాదు, స్టేడియమంతా ఈలలు! నాన్న కూడా లేచి ఈల వేయబోయారు. పళ్ళసెట్టు గుర్తొచ్చి ఆగిపోయారు.

ఇక ఖాళీ సీటు. మా అశోక్‌నగర్ గురించి తెలియనివారికి ఒక మాట. ఇక్కడ ప్రతి మేడ మీదా ఒక గది, ప్రతి గదిలో ముగ్గురు కుర్రాళ్ళు, ఒక్కొక్కరి పక్కనా నిలువెత్తు పుస్తకాలు. గ్రూప్స్ అని, సివిల్స్ అని కోచింగు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే వాలిపోతారు. మా పైగదిలోనూ ఒక కుర్రాడు ఉండేవాడు. మేము నేషనల్ పార్కుల లెక్క తేల్చుకోలేక తన్నుకుంటుంటే మెట్లు దిగుతూ ఆగి, గడగడా చెప్పేశాడు.

"తెలంగాణల మూడే అన్నా. మహావీర్ హరిణ వనస్థలి, మృగవని, కేబీఆర్. మూడూ హైదరాబాద్ చుట్టుపక్కలనే. ఆంధ్రల శ్రీవెంకటేశ్వర, పాపికొండ, రాజీవ్ గాంధీ. పాపికొండ 2008ల అయింది. వెయ్యి పన్నెండు చదరపు కిలోమీటర్ల పైన."

"భలేవాడివే! ఇందులో ఎన్ని చూశావ్?" అన్నారు నాన్న.

కుర్రాడు నవ్వాడు. "చదివిన గానీ ఒక్కటి గూడ సూడలే అంకుల్."

అమ్మ మా మొహాలు చూసింది. బావ సీటు భర్తీ అయిపోయింది!

డిసెంబర్ 15, ఆదివారం. మొదటి నేషనల్ పార్కు ఊరు దాటకముందే వచ్చింది. విజయవాడ రోడ్డు మీద వనస్థలిపురం దగ్గరున్న హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటస్థలం. 3,605 ఎకరాలు. వందసార్లు ఆ గోడ పక్కనుంచి బస్సులో పోయినవాళ్ళమే, ఒక్కసారి లోపలికి తొంగి చూసిన పాపాన పోలేదు. పొదల వెనకనుంచి కృష్ణజింకల గుంపు. అందులో ఒక మగది, మెలి తిరిగిన కొమ్ములు, పైన నలుపు, కింద తెలుపు. టక్కున తలెత్తి మమ్మల్ని చూసింది. ఆ ఠీవి చూస్తే అన్నగారి ఎంట్రీ గుర్తొచ్చింది నాకు! పాప మాత్రం "పులేదీ?" అంది.

సూర్యాపేటలో టీకి ఆగుదామనుకున్నాం. ఆ రోడ్డున పోయేవాళ్ళందరూ ఆగేది అక్కడే కదా. పైగది కుర్రాడు గొంతు తగ్గించి, "ముందటికి పోయి ఆగుదాం అన్నా" అన్నాడు. ఎందుకో అర్థం కాలేదు. కాసేపటికి అమ్మే కూపీ లాగింది. రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు పోతే వాళ్ళ ఊరట. పోయిన ఉగాది తర్వాత ఇంటికి వెళ్ళలేదట. "ఉద్యోగం వచ్చినంకనే వస్తనని చెప్పిన" అన్నాడు, కిటికీలోంచి అటువైపు చూడకుండా. కారులో ఎవరూ మాట్లాడలేదు. నేను పాటల సౌండు పెంచాను.

ఆ రాత్రి విజయవాడలో పడక. మర్నాడు కైకలూరు పక్కన ఆటపాక. కొల్లేటి గట్టున చెట్ల మీదా, ఇనుప మంచెల మీదా పెలికాన్ పక్షులు కిక్కిరిసి ఉన్నాయి, రిలీజు రోజు నేల టికెట్ క్యూలాగా. మధ్యాహ్నానికి రాజమండ్రి. పుష్కర్ ఘాట్‌లో అమ్మ నీళ్ళు నెత్తిన చల్లుకుంది. లాంచీ మాత్రం లేదు. ఆ ఏడు సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి ఎన్నో కుటుంబాలు కడుపుకోత పాలయ్యాయి. పాపికొండల పడవలన్నీ ఆపేశారు. మేము ప్లాను వేసినప్పుడే ఆ సంగతి తెలుసు. అమ్మ నదికేసి చాలాసేపు చూసి, "పోనీలే, వాళ్ళూ మనలాగే సరదాపడి బయల్దేరినవాళ్ళే కదా" అంది. అంతే, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

పడవ లేకపోతే అడవి లేదా? రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళాం. 2021లో వచ్చిన 'పుష్ప' షూటింగుతో ఇప్పుడు ఆ పేరు అందరికీ తెలిసింది గానీ అప్పటికి ఇంత సందడి లేదు. రాత్రి బొంగులో చికెన్. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, నోట్లో ఆకులు కుక్కి, నిప్పుల మీద కాలుస్తారు. చుక్క నూనె వేయరు, ఆ వెదురు చెమ్మకే ఉడుకుతుంది. ఆ వాసనకు సినిమా పేర్లు కూడా మర్చిపోయాను!

పొద్దున్నే చింతూరు ఘాట్ రోడ్డు మీదకు నడిచాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు నడిచే నాన్న శాలువా కూడా ఆనలేదు. కాసేపటికి మంచు విడిపోయింది. అడుగున లోయ, ఎదురుగా కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ. ఎక్కడో జలతరంగిణి నీళ్ళ చప్పుడు. నేను కుర్రాణ్ణి కదిపాను, "చెప్పు, వెయ్యి పన్నెండు చదరపు కిలోమీటర్లు!" అని. వాడు పలకలేదు. నోరు తెరుచుకుని అలా నిలబడిపోయాడు. చాలాసేపటికి, "గింతుంటదని పుస్తకంల లేదన్నా" అన్నాడు.

పులి రాలేదు. ఒక అడవికోడి రోడ్డు దాటింది. పాప దాన్నే పులి కింద జమ కట్టుకుంది.

18న విశాఖ. మధురవాడ స్టేడియం. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టి, దేశమంతా తన జుట్టు గురించి మాట్లాడుకునేలా చేసింది ఇక్కడే. మన రోహిత్, రాహుల్ మొదటి వికెట్టుకు 227 జోడించారు. రోహిత్ 159, రాహుల్ 102. రాహుల్ అవుటవగానే హోరు... కోహ్లీ వస్తున్నాడు! ఉప్పల్ హీరో! నాన్న లేచి నిలబడ్డారు. పైగది కుర్రాడు ఫోను తీసి వీడియో మొదలెట్టాడు.

మొదటి బంతికే అవుట్! పొలార్డ్ బౌలింగ్‌లో క్యాచ్. సున్నా. స్టేడియం మొత్తం మూగ సినిమా అయిపోయింది.

మ్యాచ్ మనమే గెలిచామనుకోండి. మన స్కోరు 387, వాళ్ళది 280. కుల్‌దీప్ హ్యాట్రిక్ కొట్టాడు, అంతర్జాతీయ వన్డేల్లో అతనికది రెండోది. కానీ రాత్రి హోటలు వరండాలో మా మాటలన్నీ ఆ సున్నా చుట్టూనే. అప్పుడు నాన్న కుర్రాడితో మెల్లగా అన్నారు:

"పన్నెండు రోజుల కింద 94. ఇవాళ సున్నా. అయినా ఇంటికి వెళ్ళడం మానేశాడంటావా?"

కుర్రాడు తల దించుకున్నాడు. బదులు చెప్పలేదు. నాన్న కూడా రెట్టించలేదు.

మర్నాడు భీమిలి. 1978లో 'మరో చరిత్ర' తీసిన తీరం. అమ్మా నాన్నా ఇసుకలో పక్కపక్కన కూర్చుని అలలు లెక్కపెట్టారు. మేము దూరంగా జరిగాం. ఆ సీన్ వివరాలు సెన్సార్!

20న తిరుగుప్రయాణం. సూర్యాపేట దగ్గర పడుతుండగా వెనక సీట్లోంచి వినబడింది.

"అన్నా... జర ఎడమకు తిప్పుతరా?"

మూడు కిలోమీటర్ల రోడ్డు. పెంకుటిల్లు, ముందు వేపచెట్టు. వాళ్ళమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది. చేట పక్కన పెట్టి లేచి వచ్చి, వాడి చెంపలు రెండు చేతులతో పట్టుకుని, "సన్నబడ్డవ్ బిడ్డా" అంది. ఉద్యోగం మాట అడగలేదు. ఫలితాల మాట అడగలేదు. మాకు మంచినీళ్ళిచ్చి, చాయ్ పెట్టి, వచ్చి వాడి పక్కన కూర్చుంది.

"అడవికి పోయిన్రంట గదా. పులిని సూసినవా?"

"పులిని సూడలేదమ్మా. కోహ్లీ సున్నకు అవుటైతే సూసిన!"

వాడు రెండు రోజులుండి వస్తానన్నాడు. కారులో ఆ సీటు మళ్ళీ ఖాళీ. అమ్మ దాని మీద వాళ్ళిచ్చిన సద్దరొట్టెల మూట పెట్టింది.

కాబట్టి మిత్రులారా, మీరూ ఇలా బయల్దేరేటట్టయితే నాలుగు ముక్కలు వినండి. మ్యాచ్ టికెట్ ముందు, గది తర్వాత. తేదీ మారినా తట్టుకునేలా సెలవు పెట్టండి. డే-నైట్ మ్యాచ్ అయిన రాత్రి స్టీరింగు ముట్టకండి. అడవికి తెల్లవారుజామునే వెళ్ళండి, పడవల సంగతి ఆ వారమే కనుక్కోండి. ఇక మీ రోడ్డు మ్యాపులో ఒక మలుపు దగ్గర ఏమీ రాయకుండా వదిలేయండి. దాన్ని రాయాల్సినవాడు వెనక సీట్లో ఉండొచ్చు.