ద్రాక్షకోతల వేళకు జార్జియా వెళ్లండి!

ఒక దేశాన్ని నాలుకతో చూడొచ్చని ఇన్నాళ్లూ నాకెవరూ ఎందుకు చెప్పలేదు? కోటలు, చర్చిలు, మ్యూజియాలు, మధ్యలో ఆకలేస్తే ఎదురుగా కనబడ్డ హోటలు. మా ఇంట్లో యాత్ర అంటే ఎప్పుడూ ఇదే వరస. ఈసారి ఆ వరస మొత్తం తిరగేశాం. ముందు ఏం తినాలో, ఏం తాగాలో కాగితం మీద రాసుకున్నాం. అవి ఏ నెలలో బాగుంటాయో కనుక్కుని తేదీలు పెట్టుకున్నాం. ఎక్కడ పండుతాయో చూసి ఊళ్లు ఎంచుకున్నాం. మిగతాదంతా దానంతటదే కుదిరిపోయింది! ఇంత హాయిగా, ఇంత నిండుగా గడిచిన యాత్ర నా జీవితంలో ఇంకోటి లేదు.

దీనికంతటికీ కారణం మా అక్క కూతురు. టిబిలిసిలో మెడిసిన్ చదువుతోంది. జార్జియా అంటే ఇప్పుడు మనవాళ్లకు మెడికల్ కాలేజీలతోనే పరిచయం, తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రం కాదు, నల్లసముద్రానికీ కాకసస్ పర్వతాలకీ మధ్య ఉన్న దేశం. విస్తీర్ణంలో మన తెలంగాణ కన్నా బాగా చిన్నది. "పిన్నీ, వస్తే సెప్టెంబరు చివర్లోనే రా. అప్పుడు ద్రాక్ష కోస్తారు. ఏ ఇంటికెళ్లినా వంటలే వంటలు," అంది ఫోన్లో. ఆ ఒక్క మాట పట్టుకుని యాత్ర మొత్తం అల్లుకున్నాం. అక్కడ ద్రాక్షకోతల్ని ర్త్వేలి అంటారు. తూర్పున ఉన్న కఖేతి ప్రాంతంలో సెప్టెంబరులో మొదలై అక్టోబరు మధ్యదాకా సాగుతాయి. పడమటి జిల్లాల్లో ఇంకాస్త ఆలస్యం. కాబట్టి తూర్పు నుంచి పడమరకు వెళ్తే కోతలతో పాటే ప్రయాణం చేయొచ్చు. క్యాలెండరు ఒక్కటి చూసుకుంటే చాలు, దారి దానంతటదే తేలిపోతుంది. ఇంత చక్కని సంగతి ఇదివరకు తట్టనే లేదు.

టిబిలిసిలో దిగగానే కోట ఎక్కలేదు. నేరుగా రైల్వేస్టేషను దగ్గరున్న డెజెర్టర్ బజారుకు వెళ్లాం. కొత్త దేశంలో మొదటి పొద్దు కూరగాయల మార్కెట్లోనే గడపాలని ఇకమీదట నా నియమం. కొత్తిమీర కట్టలు గుట్టలు గుట్టలు! ఊదారంగు తులసి లాంటి ఆకు, అక్రోటు పప్పు, ఎర్రమిరపకాయ నూరిన అజికా, పుల్లని ప్లమ్ జాతి కాయలతో చేసే త్‌కెమాలి పచ్చడి సీసాలు. ఒక మూల గంపల్లో పసుపురంగు పొడి. ఏమిటా అని ముక్కు దగ్గర పెట్టుకుంటే, బంతిపూల వాసన! అవును, మనం గుమ్మాలకు కట్టే బంతిపూలే, బతుకమ్మలో పేర్చే బంతిపూలే. వాళ్లు రేకులు ఎండబెట్టి, పొడి కొట్టి, వంటలో వేస్తారు. ఇమెరెతి కుంకుమపువ్వు అని ముద్దుపేరు. దాని పక్కనే నీలిరంగు పూలు పూసే ఒక రకం మెంతి పొడి. మన మెంతికి చేదు ఉంటుంది కదా, దీనికి ఆ చేదు బాగా తక్కువ, సువాసన మాత్రం మెండు. ధనియాలు, వెల్లుల్లి, మెంతి, మిరప... ఇన్ని వేల మైళ్ల అవతల నా పోపులపెట్టె చుట్టాలందరూ ఒక్కచోట కనబడితే ఉప్పొంగిపోనా!

మార్కెట్టు తర్వాత మధ్యాహ్నం భోజనానికి కూర్చునేసరికి పళ్లెంలో ఉన్నవన్నీ ఎరిగినవే అయ్యాయి. వంకాయను నిలువునా పల్చగా కోసి, వేయించి, లోపల అక్రోటు, వెల్లుల్లి నూరిన ముద్ద పెట్టి చుడతారు. పైన దానిమ్మ గింజలు. బద్రిజని అంటారు. పాలకూర, బీట్‌రూట్, క్యాబేజీలను ఉడికించి అదే అక్రోటు ముద్దతో కలిపి ఉండలు చేస్తే ప్ఖాలి. మట్టిపిడతలో ఉడికిన రాజ్మా లోబియో, దానికి జోడీగా మ్చాది అనే మొక్కజొన్న రొట్టె. శాకాహారుల కోసం ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. జార్జియాలో ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు. ఏడాదిలో ఎన్నో ఉపవాసాలు. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందుకే వాళ్ల వంటింట్లో కూరగాయలకు, పప్పుగింజలకు ఇంత పెద్దపీట. మా ఆయన మాంసం ముట్టరు, ఆయనకు ప్రతి పూటా పండుగే అయింది. నేను మాత్రం ఖింకాలి వదల్లేదు. పిండిముద్దలో మాంసం పెట్టి, అంచుల్ని మడతలుగా పేర్చి పైన ముడి వేస్తారు. ముడి పట్టుకుని తలకిందులు చేసి, చిన్నగా కొరికి, ముందు లోపలి రసం జుర్రుకోవాలి. ఆ ముడి తినకూడదు, పళ్లెంలో పెట్టేయాలి. ఎవరెన్ని తిన్నారో లెక్క తెలిసేది దాంతోనే.

ఇక కఖేతి. టిబిలిసి నుంచి గొంబోరి కనుమ మీదుగా తెలావి వెళ్లే దారి అడవిలోంచి మెలికలు తిరుగుతూ ఎక్కి, ఒక్కసారిగా అలజని లోయలోకి దిగుతుంది. కింద కనుచూపు మేరా ద్రాక్షతోటలు, ఎదురుగా గోడ కట్టినట్టు కాకసస్ కొండలు. దేశంలోని ద్రాక్షతోటల్లో ఎక్కువభాగం ఈ ఒక్క ప్రాంతంలోనే ఉన్నాయి. జార్జియాలో స్థానిక ద్రాక్ష రకాలే 500కు పైగా ఉన్నాయని తెలిశాక నా మతి పోయింది. మన బజారులో పచ్చద్రాక్ష, నల్లద్రాక్ష అని రెండే మాటలతో బతికేశాను ఇన్నాళ్లూ! ఇక్కడ తెల్లవాటిలో ర్కత్సితెలి, కిసి, మ్త్స్వానే, ఎర్రవాటిలో సపెరావి. సపెరావి పండు కోసి చూడండి, తోలే కాదు, గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది. కోతకు వెళ్లినవాళ్ల వేళ్లకు ఆ రంగు ఒక పట్టాన పోదు.

మేము దిగింది తెలావి దగ్గర పల్లెలో ఒక ఇంట్లో. పెద్ద వైనరీ కాదు, ఇంటి వెనక తోట, తోట పక్కన మరాని. మరాని అంటే వైను గది. లోపలికి వెళ్తే పీపాలు లేవు, యంత్రాలు లేవు. నేలలో గుండ్రటి నోళ్లు మాత్రం కనబడ్డాయి. ఒక్కో నోటి కింద మనిషికన్నా లోతైన కోడిగుడ్డు ఆకారపు మట్టి బాన. మెడదాకా భూమిలో పాతేసి ఉంటుంది. దానిపేరు క్వెవ్రి. లోపలి గోడకు తేనెమైనం పూస్తారు. తొట్టిలో కాళ్లతో తొక్కిన ద్రాక్షరసాన్ని తోలు, గింజలు, తొడిమలతో సహా అందులో పోసేస్తారు. అచ్చం మన ఆవకాయే! టెంకతో సహా ముక్క కొట్టి, జాడీలో పెట్టి, మూడోనాడు తిరగకలిపి, మూత బిగించి, ఊరడానికి వదిలేసే పనిలో ఎంత ఓపిక, ఎంత నమ్మకం ఉంటాయో ఇక్కడా అంతే. పులుస్తున్న రోజుల్లో పైకి తేలిన తొక్కును కర్రతో రోజూ కిందికి అదుముతారు. పొంగు తగ్గాక తొక్కు, గింజలు అడుక్కి దిగుతాయి. అప్పుడు మూతపెట్టి మట్టితో మూసేస్తారు. భూమి చల్లదనం దానికి కాపలా. కఖేతి పద్ధతిలో ఐదారు నెలలు అలాగే ఉంచి వసంతంలో తెరుస్తారు. బాన ఖాళీ అయ్యాక మనిషే లోపలికి దిగి, చెర్రీచెట్టు బెరడుతో చేసిన కుంచెతో కడుగుతాడు.

ఇంటి యజమాని ఏడాది కిందటి బానలోంచి ముంచి ఇచ్చిన ర్కత్సితెలి వైను నేను అనుకున్న తెల్లవైను కాదు. ముదురు తేనె రంగు. తోలుతో కలిసి నెలలు ఊరింది కదా, ఆ రంగు దానిదే. మొదటి గుక్కకే వగరు! ఎండబెట్టిన ఆప్రికాట్, టీడికాషన్, అక్రోటు తొక్క, అన్నీ ఒకటొకటిగా వచ్చాయి. అంత వగరు వైను నాకెలా నచ్చుతుందా అనుకుంటుండగానే ఇంటావిడ వంకాయ అక్రోటు ముద్ద చేతికిచ్చింది. తిని, మళ్లీ ఒక గుక్క. అంతే! అక్రోటు నూనెను ఆ వగరు కడిగేసింది, వగరును ఆ నూనె మెత్తబరిచింది. ఒకదానికోసం ఒకటి పుట్టినట్టు. అక్కడ వండే కూరకు అక్కడ పండే వైను ఎందుకు జత అవుతుందో పుస్తకాలు చదివితే తెలియలేదు, ఆ వరండాలో రెండు ముద్దలకు తెలిసిపోయింది. ఈ ఒక్క క్షణం కోసమైనా విమానం ఎక్కొచ్చు.

ఈ పద్ధతి వయసు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. టిబిలిసికి దక్షిణాన తవ్విన కొత్తరాతియుగం నాటి ఊళ్లలో దొరికిన కుండపెంకుల్లో ద్రాక్షవైను ఆనవాళ్లున్నాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. సుమారు 8,000 ఏళ్ల కిందటివి అవి. క్వెవ్రి పద్ధతిని యునెస్కో 2013లో మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. కానీ ఇదంతా సులువుగా నిలవలేదు. సోవియట్ కాలంలో కర్మాగారాల్లో కొద్ది రకాలే, పెద్ద మొత్తంలో చేసేవారు. 1985లో గోర్బచేవ్ మద్యవ్యతిరేక ఉద్యమంలో తోటలే నరికేశారు. 2006లో రష్యా జార్జియా వైనును నిషేధించింది, 2013 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. అన్నిటినీ దాటించినవి ఇళ్ల వెనక పాతిపెట్టిన ఈ బానలే. ఇంటివాళ్లు తాము తాగడానికి తాము చేసుకున్న వైను! నాకు ఆ కుటుంబాల మీద కలిగిన గౌరవం ఇంతింత కాదు.

రాత్రి సుప్రా. అంటే విందు, కానీ మనం ఎరిగిన విందు కాదు. దానికి తమదా అని ఒక పెద్ద ఉంటాడు. ఆయన లేచి మాట్లాడి "గౌమర్జోస్" అన్నాకే అందరూ తాగాలి. శాంతికి, దేశానికి, పోయినవాళ్లకు, పిల్లలకు, వచ్చిన అతిథికి, ఇలా ఒక్కొక్కటీ వరసగా. ప్రతిదానికీ ఒక చిన్న ప్రసంగం. మా అక్క కూతురు చెవిలో తెలుగులో చెబుతూనే ఉంది. పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు పెద్దాయన గొంతు వణికింది, నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆ పక్కనే ద్రాక్షతీగల కట్టె నిప్పుల మీద మాంసం ముక్కలు కాలుతున్నాయి. నిలువు మట్టిపొయ్యి గోడకు చరిచి కాల్చిన పొడుగు రొట్టెలు వేడివేడిగా వస్తున్నాయి. భోజనం మధ్యలో మగవాళ్లు మూడు గొంతులతో పాట ఎత్తుకున్నారు. వాద్యం లేదు. 1977లో వోయేజర్ నౌకతో అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో జార్జియా పాట ఒకటుంది, చక్రులో. అది కఖేతి వాళ్లదే! ఆ పాట పుట్టిన గడ్డ మీద, వాళ్ల ఇంటి బల్ల దగ్గర కూర్చుని ఇలాంటి గొంతులు వినగలిగాను.

చూడదగ్గవి వదిలేశారా అని మీరు అడగొచ్చు. ఏదీ వదల్లేదు, అన్నీ తోవలోనే వచ్చాయి. అలవెర్దిలో 11వ శతాబ్దపు చర్చి ఉంది, అక్కడి సన్యాసులు ఇప్పటికీ క్వెవ్రిలో వైను చేస్తారు. త్సినందాలిలో కవి అలెగ్జాండర్ చవ్‌చవాద్జే భవనం ఉంది, యూరోపు పద్ధతిలో వైను చేయడం ఆయన ఇక్కడే మొదలుపెట్టాడు. కొండమీది సిఘ్నాఘి ఊరికి దగ్గర్లో బోద్బే మఠం, జార్జియాకు క్రైస్తవం తెచ్చిన సెయింట్ నినో సమాధి. ఆమె శిలువ కూడా ద్రాక్షకొమ్మలతో చేసిందేనట, తన జుట్టుతో కట్టిందట. తిండిని వెతుక్కుంటూ పోతే చరిత్ర కూడా బల్ల దగ్గరికే వచ్చి కూర్చుంటుంది.

మీరూ ఇలా వెళ్లాలనుకుంటే నాకు పనికొచ్చినవి చెబుతాను. పట్నంలో హోటలు వద్దు, పల్లెలో వంట చేసిపెట్టే ఇల్లు చూసుకోండి, కోతల రోజుల్లో ముందే మాట్లాడుకోవాలి. రోజుకు ఒక మరాని చాలు, మహా అయితే రెండు. ప్రతిచోటా బల్ల నిండా పెడతారు, వద్దంటే నొచ్చుకుంటారు. వైను తాగే రోజున కారు మీరు నడపొద్దు, డ్రైవరును పెట్టుకోండి. తొక్కుతో కాచే చాచా అనే సారా ఇస్తే ఒక్క చిన్న గ్లాసుతో ఆపేయండి, అది చాలా ఘాటు. దారిలో చుర్చ్‌ఖేలా కొనుక్కోండి. అక్రోటు పప్పును దారానికి గుచ్చి, పిండి వేసి చిక్కగా కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టినది. నిల్వ ఉంటుంది, ప్రయాణంలో ఆకలి తీరుస్తుంది.

పడమటి వైపు మేము కుతైసి దాకా మాత్రమే వెళ్లగలిగాం. జున్ను లోపల పెట్టి గుండ్రంగా కాల్చే ఇమెరెతి ఖచాపురి తిన్నాం, తోలు తక్కువగా వేసి చేసే తేలికపాటి త్సోలికౌరి వైను తాగాం. సురామి దగ్గర రోడ్డు పక్కన మసాలా దినుసులు, ఎండుద్రాక్ష వేసిన తియ్యటి నజూకి రొట్టెలు అమ్ముతారు, బండి ఆపకుండా దాటలేరు. రాచా కొండలు మిగిలిపోయాయి. అక్కడ అలెగ్జాండ్రౌలి, ముజురెతులి అనే రెండు రకాల ద్రాక్షతో ఖ్వంచ్‌కారా అనే సహజంగా తియ్యగా ఉండే ఎర్రవైను చేస్తారు. వెల్లుల్లి దంచి వేసిన పాలలో కోడిని ఉడికించే ష్క్మెరులి కూడా ఆ కొండల్లోని ష్క్మెరి ఊరిదే. రాచాలో కోతలు అక్టోబరులో. మా అక్క కూతురికి అప్పుడే చెప్పేశాను, ఆ వారం పరీక్షలు లేకుండా చూసుకోమని!