బొగ్గుట్ట యాత్ర

దిల్‌సుఖ్‌నగరులోని మా యింట మీట నొక్కినంతనే దీపము వెలుగును. ఆ వెలుగునకు మూలమగు బొగ్గు పుట్టినచోటు చూడగోరి, వేసవి సెలవులలో మేము దంపతులము ఎల్బీనగరు కూడలిలో బస్సెక్కి, సూర్యాపేట, ఖమ్మముల మీదుగా ఇల్లందు చేరితిమి.

ఆ యూరికి బొగ్గుట్ట యని నామాంతరము. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడగు విలియం కింగు ఆ ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వు హక్కులను బడసెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో ఏర్పడిన సంస్థకు సమీపగ్రామమగు సింగరేణి పేరు పెట్టిరి. ప్రధాన కార్యాలయము నేడు కొత్తగూడెమున నున్నది. కన్నది ఇల్లందు, పేరు సింగరేణిది, పెత్తనము కొత్తగూడెముది!

అచ్చట గనిని 'బాయి' యందురు. మాకు మజ్జిగ యిచ్చిన యొక వృద్ధురాలి పెనిమిటి ముప్పదియేండ్లు బాయి దిగినవాడట.

"రాత్రి షిఫ్టుకు పోతే, తెల్లారి ఆయన నల్లమొగం జూసిందాక నాకు కన్నంటుకునేది కాదమ్మా" అనెను.

పాతాళమునకు బోయి వచ్చిన వీరుల కథలను పురాణములలో జదివితిమి. దినదినమును పోయి వచ్చినవారిని గూర్చి, వారికై వాకిట మేల్కొన్న యిల్లాండ్రను గూర్చి మేమెందును జదువలేదు.

సోదరీమణులారా! మన యిండ్లకు వచ్చు విద్యుత్తునకు నేటికిని సింగరేణి బొగ్గు ముఖ్యాధారము. ఎవరును లేని గదిలో దీపమును వెలుగనీయకుడు. ఆ వెలుగు వెనుక ఒక యిల్లాలి నిద్రలేని రాత్రి యున్నది.