పసుపు తీగ

గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే కార్యాలయంలో ముప్పై ఆరేళ్లు పనిచేసిన మా నాన్నగారికి కలకత్తా వీధులు కరతలామలకం. మధ్యాహ్నమయ్యేసరికి కొన్ని వన్‌వే వీధులు దిక్కు మార్చుకునే ఈ నగరంలో ఏ వేళకు ఏ మలుపు తిరగాలో ఆయననే అడిగేవాళ్లం. అటువంటి మనిషికి ఒక సాయంకాలం కాళీఘాట్ నుంచి ఇల్లు చేరడానికి మూడు గంటలు పట్టింది. అది అరగంట దారి. "రోడ్డు మూసేశారు" అన్నారు. తాళం చెవి బల్లమీద పెడుతున్న ఆయన చేయి వణకడం నేను చూశాను.

ఆ తాళం దాచేయమన్నది మా అమ్మ. నాకు మనసొప్పలేదు. ఉత్తరపారాలో తయారైన మా అంబాసిడర్‌ను ఆయన 1989లో కొన్నారు. ఆ కర్మాగారంలో 2014లో ఉత్పత్తి ఆగిపోయినా ఆయన బండి ఆగలేదు. తాళం దాచడానికి బదులు దారి చూపే యంత్రాన్ని కొని తెచ్చాను.

దానిని నేనే అమర్చబూనాను. ఆంగ్ల సాహిత్యం చదివి, ఇరవై ఏళ్లుగా అనువాదాలతో బతుకుతున్నవాడికి నాలుగు పుటల సూచనలు ఒక లెక్కా? దారి చూపే ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితేగాని యంత్రం మన ఉనికిని కచ్చితంగా లెక్కకట్టలేదు. అందుచేత యాంటెన్నాను ముందు అద్దం కింద, ఆకాశం కనబడేచోట అతికించాను. నల్ల తీగను బండి చట్రానికి బిగించాను. ఎర్ర తీగను, తాళం తిప్పినప్పుడే విద్యుత్తు వచ్చే తీగకు కలిపాను. పసుపు తీగకు మాత్రం నిరంతరం విద్యుత్తు అందాలని సూచనలలో ఉన్నది. రాత్రంతా బ్యాటరీ ఖర్చయిపోతుందేమోనని భయపడి దానినీ ఎర్ర తీగతోనే ముడివేశాను. మూలంలోని ఒక్క మాటను అనవసరమని వదిలివేసే అనువాదకుని అపరాధమే అది.

యంత్రం చక్కగా వెలిగింది. "ఇల్లు" అని మా చిరునామా నమోదు చేశాను. మరునాడు చూస్తే ఇల్లు లేదు. మళ్లీ నమోదు చేశాను, మళ్లీ మరచిపోయింది. నాలుగో రోజు నాన్నగారు నవ్వి, "దీనికీ నా జబ్బేనా?" అన్నారు. తన మరపును గురించి ఆయన నోట మాట రావడం అదే మొదలు.

ఇద్దరం కలిసి మల్లిక్ బజారుకు వెళ్లాం. మోటారు విడిభాగాల దుకాణాల నడుమ పనిచేసే ఒక వృద్ధ మిస్త్రీ తీగలు చూసి తల ఊపాడు. "దాదా, ఎరుపు మేలుకోవడానికి, పసుపు గుర్తుంచుకోవడానికి. బండి నిద్రపోయినా దీనికి కాస్త అన్నం పెడుతూనే ఉండాలి" అన్నాడు. పసుపు తీగను ఫ్యూజు మీదుగా నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి కలిపాడు. అది తీసుకునే విద్యుత్తు మిల్లీ ఆంపియర్లలో లెక్కించదగినంత స్వల్పం. నా భయం ఉత్తది.

తిరిగి వచ్చేటప్పుడు నాన్నగారు తాళం చెవి నా చేతిలో పెట్టి ఎడమవైపు కూర్చున్నారు. "ఇకమీద నువ్వు నడుపు" అన్నారు. నేను ఏమీ అనలేకపోయాను. కొంతదూరం పోయాక యంత్రం "షేక్‌స్పియర్ సరణి" అన్నది. 1964లో మారిన ఆ పేరు నేటికీ ఆయన నోటికి పట్టలేదు. "థియేటర్ రోడ్డు అని చెప్పు దానికి" అన్నారు.

మరుసటి వారం వైద్యుని వద్దకు రావడానికీ ఒప్పుకున్నారు. ఇప్పుడు ప్రతి ఆదివారం బండిలో తిరుగుతాం. యంత్రం కొత్త పేర్లు చెబుతుంది, ఆయన పాత పేర్లు చెబుతారు. ఒక్కొక్కప్పుడు పేరు తట్టక ఆగిపోతారు. కాసేపు ఎదురుచూసి, అప్పటికీ రాకపోతే మెల్లగా నేనే అందిస్తాను.