ఐదో కిక్కు

కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో నేను ఫార్వర్డ్ ఆడేవాణ్ణి. మూడో సంవత్సరం సెమీఫైనల్లో ఒక పెనాల్టీ గోల్‌పోస్టు పక్కనుంచి బయటికి కొట్టాను. ఓడిపోయాం. ఆ తర్వాత కూడా చాలాకాలం ఆడాను, గోల్సూ చేశాను. కానీ పెనాల్టీ వచ్చిన ప్రతిసారీ బంతి తీసి ఎవరో ఒకరి చేతిలో పెట్టి "నువ్వు కొట్టరా" అనేవాణ్ణి. వీడికి స్వార్థం లేదురా అని స్నేహితులు మెచ్చుకున్నారు. నేనూ అదే నమ్మాను. ఆ నమ్మకం మైదానంతో ఆగిపోలేదు.

2009లో నాన్నకి గుండె ఆపరేషన్ చేయాలన్నారు. వయసు రీత్యా ప్రమాదం ఉంది, చేయకపోయినా ప్రమాదమే. ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని కాగితాలు ముందు పెట్టారు. "నువ్వు పెద్దవాడివి అన్నయ్యా, నువ్వు ఎలా అంటే అలా" అన్నాను. పెద్దరికానికి ఇచ్చిన గౌరవంలా వినిపించింది ఆ మాట. అన్నయ్య సంతకం పెట్టాడు. ఆపరేషన్ అయిన మూడో రోజు నాన్న పోయారు.

ఆ తర్వాత అన్నయ్య ఎప్పుడు ఫోన్ చేసినా చివరికి అక్కడికే వచ్చేవాడు. "ఆ రోజు వద్దని ఉంటే ఇంకో రెండేళ్లు ఉండేవారేమోరా." నేను ప్రతిసారీ ఒకే సమాధానం చెప్పేవాణ్ణి. "నీ తప్పేం లేదన్నయ్యా."

ఐవరీ కోస్ట్ ఫుట్‌బాల్ ఆటగాడు డిడియర్ డ్రోగ్బాని నేను మొదటినుంచీ ఇష్టంగా చూసేవాణ్ణి. అబిద్జాన్‌లో పుట్టి, ఐదేళ్ల వయసులో తల్లిదండ్రుల్ని వదిలి ఫ్రాన్స్‌లో ఫుట్‌బాల్ ఆడే బాబాయి దగ్గరికి ఒంటరిగా విమానం ఎక్కిన పిల్లవాడు. మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్టు లె మాన్ క్లబ్బులో, 21 ఏళ్లకి. ఈ ఆటలో అది ఆలస్యమే. లండన్ క్లబ్బు చెల్సీకి 164 గోల్సు, ఐవరీ కోస్ట్‌కి 65. నాలుగు వేర్వేరు ఎఫ్ఏ కప్ ఫైనల్స్‌లో గోల్ చేసిన మొదటి ఆటగాడు అతనే. 2005 అక్టోబర్‌లో సూడాన్‌లోని ఒందుర్మాన్‌లో గెలిచి ఐవరీ కోస్ట్ తొలిసారి ప్రపంచకప్‌కి అర్హత సాధించినప్పుడు, డ్రెస్సింగ్ రూములో కెమెరా ముందు సహచరులతో కలిసి మోకరిల్లి, అంతర్యుద్ధంలో ఉన్న తన దేశాన్ని ఆయుధాలు దించమని వేడుకున్నాడు. ఆ తర్వాత అతను కొట్టే ప్రతి బంతి వెనకా ఒక దేశం నిలబడి చూసేది.

2012 ఫిబ్రవరి 12. గాబన్ రాజధాని లీబ్రవీల్‌లో ఆఫ్రికా కప్ ఫైనల్, జాంబియాతో. ఆ టోర్నమెంట్ మొత్తంలో ఐవరీ కోస్ట్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 70వ నిమిషంలో పెనాల్టీ వచ్చింది. కెప్టెన్ డ్రోగ్బా కొట్టాడు, బంతి క్రాస్‌బార్ మీదుగా పోయింది. అప్పటికి ఆరేళ్ల కిందట కైరోలో ఇదే కప్పు ఫైనల్ షూటౌట్‌లోనూ అతను తప్పాడు. లీబ్రవీల్‌లో ఆట 0-0తో షూటౌట్‌కి వెళ్లింది. అతను మళ్లీ అదే చోటికి నడిచి వెళ్లాడు. ఈసారి గోల్ అయింది. అయినా జట్టు 7-8తో ఓడిపోయింది.

ఈ రెండో కిక్కు గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. దానివల్ల ఏదీ మారలేదు కదా. నేనూ ఆ రాత్రి దాన్ని పట్టించుకోలేదు.

మూడు నెలలు తిరిగాయి. మే 19 రాత్రి, మనకి 20 తెల్లవారుజాము. మ్యూనిక్‌లో బయర్న్ సొంత మైదానంలో చెల్సీతో చాంపియన్స్ లీగ్ ఫైనల్. ఇంట్లో అందరూ పడుకున్నారు, టీవీ సౌండు తగ్గించి ఒక్కణ్ణే చూస్తున్నాను. 83వ నిమిషంలో బయర్న్ ఆటగాడు ముల్లర్ గోల్. చెల్సీ పని అయిపోయిందనుకుంటుండగా 88లో మాటా కొట్టిన కార్నర్‌కి డ్రోగ్బా తల ఆనించి సమం చేశాడు. అదనపు సమయంలో అతనే రిబెరీని పడేసి అవతలివాళ్లకి పెనాల్టీ ఇచ్చాడు. రాబెన్ కొట్టింది చెల్సీ గోల్‌కీపర్ చెక్ పట్టేశాడు కాబట్టి సరిపోయింది. 2008లో మాస్కోలో జరిగిన ఇదే కప్పు ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు విడిచ్‌ని చెంపమీద కొట్టి, రెడ్ కార్డుతో బయటికి పోయినవాడూ ఇతనే. అతను లేని ఆ షూటౌట్‌లో ఐదో కిక్కుకి చెల్సీ కెప్టెన్ టెర్రీ కాలు జారింది. చెల్సీ ఓడింది.

మ్యూనిక్‌లోనూ ఆట షూటౌట్‌కి వెళ్లింది. మూడు కావస్తుండగా ఐదో కిక్కు డ్రోగ్బా ముందుకొచ్చింది. గోల్ అయితే కప్పు. మైదానం మధ్యనుంచి అతను నడిచి వస్తున్నంతసేపూ నాకు మ్యూనిక్ కనిపించలేదు, లీబ్రవీల్ కనిపించింది. క్రాస్‌బార్ మీదుగా పోయిన బంతి కాదు, ఆ తర్వాత నడిచిన నడక. రెండడుగులు వేసి కొట్టాడు. బయర్న్ గోల్‌కీపర్ నోయర్ ఒకవైపు, బంతి మరోవైపు. ఒక లండన్ క్లబ్బుకి ఆ కప్పు రావడం అదే మొదటిసారి. నేను గంతులు వేయాల్సింది. కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను.

"నీ తప్పేం లేదన్నయ్యా." మూడేళ్లుగా చెబుతున్న మాట ఆ వేళప్పుడు నా చెవికి కొత్తగా వినిపించింది. ఓదార్పు అనుకున్నాను. ఆ మాటలో "నీ" ఉంది. తప్పు ఉన్నా లేకపోయినా అది నీదే, నాది కాదు అని ప్రతిసారీ చెబుతూ వచ్చాను. బంతి పక్కవాడి చేతిలో పెట్టడం నా మంచితనం కాదు. అది భయం. దానికి వినయం అని పేరు పెట్టుకున్నాను. ఆ బరువు అన్నయ్య ఒక్కడే మోస్తున్నాడు.

2015లో ఐవరీ కోస్ట్ ఆఫ్రికా కప్పు గెలిచింది, అదీ పెనాల్టీలతోనే. డ్రోగ్బా అందులో లేడు, అంతకు ముందు ఏడాదే జాతీయ జట్టునుంచి తప్పుకున్నాడు. లీబ్రవీల్‌లో తప్పిన కిక్కు అతని పేరు మీద అలాగే ఉండిపోయింది. మ్యూనిక్ దాన్ని తుడిచేయలేదు. అందుకే ఆ ఇద్దరు డ్రోగ్బాల్లో నాకు ఓడిపోయినవాడే దగ్గరివాడు.

మ్యూనిక్ ఫైనల్ చూసిన ఆ ఆదివారం పొద్దున ఆరింటిదాకా ఆగి అన్నయ్యకి ఫోన్ చేశాను. ఇంత పొద్దున్నే ఏమైందిరా అని కంగారుపడ్డాడు.

"ఆ రోజు కాగితాలమీద నేనూ సంతకం పెట్టాల్సింది అన్నయ్యా. ఆపరేషన్ చేయించాలనే నేనూ అనుకున్నాను. నీతో అనలేదు."

అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత గొంతు సవరించుకుని అడిగాడు. "నిజంగా అనుకున్నావా?"

"అనుకున్నాను."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదరా" అన్నాడు అన్నయ్య.