మా యాడి మా బాను చూసిన రోజు

 

పోస్టు కాస్త పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ మధ్యలో వదిలేయకండి.

పోయిన నెల మన హాస్టల్ చెల్లి ఒకమ్మాయి నాకు ఫోన్ చేసింది. పేరు చెప్పను, తండా పేరు కూడా చెప్పను. ఇంటర్ సెకండియర్. పదిహేడు నిండాయి, పద్దెనిమిది ఇంకా నిండలేదు. "అన్నా, ఒకటి అడుగుతా, తిట్టొద్దు" అంది. విస్సన్నపేట వైపు చుట్టాల పెళ్ళిలో ఒకబ్బాయిని చూసిందంట. వాడూ చూశాడంట. అందరూ డప్పులకి ఆడుతుంటే వీళ్ళిద్దరూ మాత్రం అట్లా నిలబడిపోయారంట. ఆరు వారాలైంది. "చూడగానే తెలిసిపోయింది అన్నా. పరీక్షల దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్ళిపోదాం అంటున్నాడు. మొదటి చూపులో పుట్టిన ప్రేమ నిలబడుద్దా? లేక సినిమాల్లోనేనా?"

నేను పెద్దమనిషి లాగా "ముందు చదువుకో తల్లీ" అన్నా. ఆ మాట ఆ పిల్ల ఇప్పటికి వందసార్లు వినుంటది. ఫోన్ పెట్టేశాక నాకే సిగ్గేసింది. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. అప్పటినుంచి ఆలోచించి ఇప్పుడు ఆమెకీ, ఆమెలాంటి ప్రశ్న మనసులో పెట్టుకున్న అందరికీ రాస్తున్నా.

ముందు సినిమాల సంగతి. మన అన్నల తరానికి 1998లో వచ్చిన 'తొలిప్రేమ' ఉంది. దీపావళి వెలుగులో హీరో ఆ అమ్మాయిని చూస్తాడు, అంతే, ఇక సినిమా మొత్తం ఆ చూపే. చివర్లో ఆ అమ్మాయి ఒప్పుకుంటుంది, మనం ఏడ్చి, నవ్వి, బయటికొస్తాం. సినిమా ఎక్కడ ఆగిందో గమనించండి. ఒప్పుకున్న చోటే ఆగింది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు, పత్తికి గులాబీ పురుగు పట్టిన ఏడాది సినిమాలో ఉండవు. నిలబడిందా లేదా అని అడగాల్సిన చోటికి కథ అసలు పోనే పోదు.

ఇంకో సినిమా ఇంకా బాగా పనికొస్తుంది. 2010లో గౌతమ్ మేనన్ ఒకే కథని రెండు భాషల్లో తీశాడు. తెలుగులో 'ఏ మాయ చేసావె', తమిళంలో 'విన్నైతాండి వరువాయా'. రెండింట్లోనూ హీరో చూడగానే పడిపోతాడు. తెలుగులో ఇద్దరూ చివరికి ఒకటవుతారు. తమిళంలో విడిపోతారు. చూపు ఒకటే, ముగింపులు రెండు. తెలుగులో జంటగా చేసిన నాగచైతన్య, సమంత నిజంగానే 2017లో పెళ్ళి చేసుకున్నారు, 2021లో విడిపోతున్నామని వాళ్ళే ప్రకటించారు. అది వాళ్ళ సొంత విషయం, తీర్పు చెప్పడానికి మనమెవరం. నేననేది ఒక్కటే. మొదలు ఎంత బాగున్నా, చివర ఎట్లా ఉంటదో ఆ మొదట్లో రాసి ఉండదు. సినిమాలో అయినా, బతుకులో అయినా.

"అది కాదన్నా, నేను ఆరు వారాలు ఆలోచించా, ఇంకా ఇంకా నమ్మకం పెరుగుతోంది" అంది మన చెల్లి. దీనికి ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జానిన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరోవ్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేసి 2006లో అచ్చేశారు. తెలియని మనుషుల ముఖాలు సెకనులో పదో వంతు చూపించి, ఇతను నమ్మదగినవాడా, మంచివాడా అని అడిగారు. ఆ కాస్త సేపట్లోనే జనం ఒక అభిప్రాయానికి వచ్చేశారు. ఇంకాస్త ఎక్కువసేపు చూపిస్తే అభిప్రాయం పెద్దగా మారలేదు. తమ అభిప్రాయం సరైనదే అన్న ధీమా మాత్రం పెరిగింది. కాబట్టి చెల్లీ, రాత్రంతా వాడి డీపీ చూస్తూ కూర్చుంటే నీకు పెరిగేది ఆ ధీమానే. వాడి గురించి కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

నీతులు చెప్తున్నాడు, వీడికేం తెలుసు అనుకోవద్దు. నాకూ అయింది. తిరువూరులో డిగ్రీ సెకండియర్ చదివేటప్పుడు బస్టాండులో ఒకమ్మాయిని చూశా. మన పిల్లే అని మాట తీరుని బట్టి తెలిసింది. ఎ.కొండూరు పోయే బస్సులు రెండు వదిలేసి మూడోది ఎక్కా, ఆమె ఎక్కిందని. నెల రోజులు అట్లానే గడిచింది. మాటలు కలిశాయి. ఇంటిపేర్లు వేరేవి, ఇంకేం అనుకున్నా. తీరా ఒక పెళ్ళిలో మా పెద్దమ్మ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని మీరెవరు, ఏ పాయ అని అడిగింది. మనలో రాథోడ్, పమార్, చౌహాన్, వడిత్యా అని పెద్ద పాయలు ఉంటాయి కదా, ఇంటిపేర్లు ఎన్నున్నా పాయ ఒకటైతే అన్నాచెల్లెళ్ళే. మాది ఒకటే పాయ. ఆ పిల్ల నా వైపు చూసి, నవ్వు ఆపుకుంటూ "భియా" అంది. అక్కడితో నా కథ అయిపోయింది.

ఇప్పుడు నవ్వొస్తది గానీ అప్పుడు నలభై రోజులు అన్నం సయించలేదు, ఒక పేపరు కూడా పోయింది. అందుకే మొదటి చూపు అబద్ధం అని నేను అనను. గుండె దడదడ నిజం, నిద్ర పట్టకపోవడం నిజం. కానీ తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, ఆ అమ్మాయి గురించి నాకు తెలిసింది రెండే: నీలం చున్నీ, మూడో బస్సు. మిగతాదంతా నేనే కల్పించుకున్నా.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మా ఇంట్లోనే ఒక మొదటి చూపు కథ ఉంది.

మా బా పెళ్ళికి ముందు తీజ్‌కి మా యాడి వాళ్ళ తండాకి వెళ్ళాడు. తీజ్ గురించి తెలియని వేరే తెగల మిత్రుల కోసం చెప్తున్నా. శ్రావణంలో పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. పాటలు, ఆటలు, మొగపిల్లల వేళాకోళాలు అన్నీ ఉంటాయి. మా యాడి నెత్తిన మూడు బిందెలు పెట్టుకుని, చెయ్యి కూడా వెయ్యకుండా నడిచి వస్తోందంట. మా బా చూశాడు. "ఆ నీళ్ళు ఒక్క చుక్క తొణకలేదురా, నేనే తొణికా" అంటాడు. పాయలు వేరే, పెద్దలు ఒప్పుకున్నారు, ఏడాదిలో పెళ్ళైంది. ఈ కథ మా చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అది చెప్పినప్పుడల్లా మా యాడి ఏదో ఒక పని చూసుకుంటూ ఉండేది, ఒక్కసారి కూడా ఊఁ అనలేదు.

ఎ.కొండూరు మండలం తండాల సంగతి మీలో చాలామందికి తెలుసు. కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళల్లోకి వచ్చిందో పేపర్లో చదివే ఉంటారు. మా ఇంట్లోకీ వచ్చింది. మొదట్లో డయాలసిస్‌కి విజయవాడ పోవాల్సి వచ్చేది. పొద్దున చీకటితో లేచి బస్సెక్కడం, మిషన్ మీద నాలుగు గంటలు, మళ్ళీ బస్సు. వారానికి రెండుసార్లు. కొన్నిసార్లు నేను తోడు వెళ్ళేవాణ్ణి, ఎక్కువసార్లు యాడి.

తీజ్ నాడు మూడు బిందెలు చూసి తొణికిన మనిషి ముఖం ఇప్పుడు లేదు. ఒకరోజు ఉబ్బి ఉంటది, ఒకరోజు పీక్కుపోయి ఉంటది. రంగు నల్లబడింది. చేతి మీద సూదులు గుచ్చిన చోట నరం తాడులాగా లేచింది. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని లెక్క. మా యాడి గ్లాసుతో కొలిచి పెడుతుంది. మే నెల ఎండల్లో కూడా ఆయన ఎదురుగా తను నీళ్ళు తాగదు. దొడ్లోకి వెళ్ళి తాగి వస్తుంది. పొద్దున లేవగానే ఆయన కాళ్ళు చూస్తుంది, వేలితో నొక్కి. గుంట పడితే నీరు చేరినట్టు. తర్వాత ముఖం చూస్తుంది. ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తుంది.

చెల్లి ఫోన్ చేసిన నాలుగు రోజులకి ఆస్పత్రి వరండాలో కూర్చుని యాడిని అడిగా. "తీజ్ నాడు బాను చూసినప్పుడు నీకేమనిపించింది?"

"నేనేడ చూశా? నెత్తిన మూడు బిందెలున్నాయి. తల తిప్పితే పడిపోవా?" అంది.

నాకు నవ్వాగలేదు. ఇన్నేళ్ళ మా ఇంటి ప్రేమకథలో రెండో మనిషి అసలు చూడనే లేదు. మరి ఎప్పుడు చూశావు అన్నా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "నువ్వు పుట్టాక నాకు ఇరవై రోజులు జ్వరం. లేవలేకపోయా. మీ బా నా బట్టలు, నీ గుడ్డలు మూట కట్టుకుని వాగుకి పోయి ఉతికాడు. తండాలో మొగోళ్ళు నవ్వారు. మీ నానమ్మ కూడా తిట్టింది. మర్నాడు మళ్ళీ పోయాడు. గుమ్మంలో పడుకుని చూస్తున్నా, మూట భుజాన ఏసుకుని పోతున్నాడు. ఆ రోజు చూశా మీ బాను."

అప్పటికి వాళ్ళ పెళ్ళై నాలుగేళ్ళు.

నలదమయంతుల కథ మీలో చాలామంది చదివుంటారు, శ్రీనాథుడు 'శృంగార నైషధం' అని కావ్యమే రాశాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూడకముందే హంస మాట విని ప్రేమించుకున్నారు. స్వయంవరంలో నలుగురు దేవతలు అచ్చం నలుడిలాగే వచ్చి కూర్చున్నారు. ఐదుగురు నలులు. చూడగానే పోల్చుకునే వీలు లేదు. మహాభారతంలో దమయంతి ఎట్లా కనిపెట్టిందంటే, దేవతలకి చెమట పట్టదు, రెప్ప పడదు, మెడలో దండ వాడదు, కాలు నేలకి ఆనదు. చెమట పట్టి, దుమ్ము అంటి, దండ వాడిపోయిన ఐదోవాడే నలుడు. ఆమె దండ వేసింది ఆ వాడిపోయేవాడికి. తర్వాత ఆ నలుడే జూదంలో రాజ్యం పోగొట్టుకుని ఆమెని అడవిలో వదిలేసి పోయాడు, అదీ ఆ కథలోనే ఉంది. పాము కాటుకి రూపం మారిపోయి బాహుకుడనే పేరుతో వంటలు చేస్తూ బతికాడు. దమయంతి దాసిని పంపి, అతను వండిన మాంసం తెప్పించుకుని, రుచి చూసి, ఇది నలుడి చేతి వంట అని గుర్తుపట్టింది. ముఖం చూసి కాదు.

క్లాసులో విన్నప్పుడు ఇది నాకు ఒట్టి కథ. ఆస్పత్రి వరండాలో మా యాడి మాట విన్నాక అర్థమైంది.

కాబట్టి చెల్లీ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. మొదటి చూపులో పుట్టింది నిలబడొచ్చు. మా బా వైపునుంచి చూస్తే నిలబడింది కూడా. కానీ దాన్ని నిలబెట్టింది ఆ తీజ్ నాటి చూపు కాదు, వాగులో ఉతికిన గుడ్డలు. నువ్వు వాణ్ణి పెళ్ళి పందిట్లో, కొత్త చొక్కాలో, డప్పుల మధ్య చూశావు. ఒక మామూలు రోజు చూడు. డబ్బులు పోయినప్పుడు ఎట్లా ఉంటాడో చూడు. వాళ్ళమ్మతో ఏ గొంతుతో మాట్లాడతాడో విను. పనిచేసే పిల్లల్ని ఏమని పిలుస్తాడో విను. అన్నిటికన్నా ముందు, "పరీక్షలయ్యాక మాట్లాడదాం, అప్పటిదాకా ఆగు" అని చెప్పి చూడు. నువ్వు వద్దన్నప్పుడు వాడు ఏం చేస్తాడో అదే నువ్వు చూడాల్సిన రెండో చూపు.

చట్టం కూడా తెలుసుకో. 2006 చట్టం ప్రకారం ఆడపిల్లకి 18, మొగపిల్లాడికి 21 నిండాలి. ఇప్పుడు వెళ్ళిపోతే నీ చదువు ఆగుతుంది, వాడి మీద పోక్సో కేసు పడొచ్చు. నిజంగా నువ్వంటే ఇష్టమున్నవాడికి ఆరు నెలలు ఒక లెక్క కాదు. మా యాడికి నాలుగేళ్ళు పట్టింది.

పోయిన ఆదివారం చెల్లి మళ్ళీ ఫోన్ చేసింది. ఆగమని చెప్పిందంట. వాడు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదంట. మూడో రోజు ఎత్తి, "సరే, రాయి" అన్నాడంట. "ఆ సరే కోపంగా అన్నాడా, మామూలుగా అన్నాడా తెలియట్లేదన్నా" అంది. నాకూ తెలియదమ్మా అన్నా. కానీ ఆ పిల్ల ఇప్పుడు వాడి గొంతు వింటోంది. పోయిన నెల దాకా ఒట్టి ఫోటో చూసేది. ప్రస్తుతం పుస్తకాలు తీసింది, నాకది చాలు.

రేపు మా బాకి డయాలసిస్ రోజు, త్వరగా పడుకోవాలి. మీరంతా ఒక పని చెయ్యండి. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీ అమ్మని అడగండి, నాన్నని మొదటిసారి ఎప్పుడు చూశావని. పెళ్ళి రోజు సంగతి చెప్తే ఆగిపోకండి, ఇంకోసారి అడగండి. ఏం చెప్పిందో వీలైతే ఇక్కడ రాయండి. మన చెల్లెళ్ళు చదువుతారు.

రామ్ రామ్.